చందా కట్టిన మాట

కడపలో మేము కాపురమున్న పేటలో ఒక చిన్న పార్కు ఉండేది. పార్కంటే పూలూ పచ్చికా అనుకోవద్దు. నాలుగు వేపచెట్లు, రెండు సిమెంటు బల్లలు, కావలసినంత దుమ్ము. ఒక మూల చిన్న గది. ఆ గదిలో రేడియో పెట్టె ఉండేది. పెట్టెను చూసినవాళ్లు ఎవరూ లేరు, గదికి తాళముండేది కాబట్టి. జనానికి కనిపించేదల్లా వేపచెట్టు కొమ్మకు కట్టిన లౌడుస్పీకరు బూర ఒక్కటే. సాయంత్రం అయిందంటే చెట్ల కింద మనుషులు చేరేవాళ్లు. వార్తలూ, పాటలూ, బజారు ధరలూ అన్నీ ఆ బూరలోంచే వచ్చేవి.

బజారు ధరలు అయిపోతూనే రేడియో గొంతు తగ్గేది. అదే బూరలోంచి ఇంకొక గొంతు లేచేది. "నమస్కారం. ఇప్పుడు విన్నారు కదా, బొంబాయిలో శెనక్కాయల నూనె ధర పెరిగింది. పెరిగితే మనకేమి?"

ఈ గొంతు రేడియోది కాదు. గది లోపల మైకు ముందు కూర్చున్న ఒకాయనది. మదరాసులో ఏదో నూనెల వ్యాపారం దగ్గర గుమాస్తాగా చేసి వచ్చినాడని చెప్పుకునేవాళ్లు. పంచె మీద కోటు, మెడ చుట్టూ మడిచిన కండువా. రేడియోవాళ్లు చెప్పే ధరలు పల్లెజనానికి అర్థం కావడం లేదు, నేను విడమరిచి చెప్తానని పెద్దమనుషుల దగ్గర అనుమతి తెచ్చుకున్నాడు. ఉన్నమాట చెప్పాలంటే మొదట్లో ఆయన చేసింది మంచి పనే. బొంబాయి ధరకూ మన మండీ ధరకూ మధ్య రైలు కిరాయి ఎంత, దలాలి ఎంత, ఎవరి వంతు ఎవరు తింటాండారు అని ఒలిచి చెప్పేవాడు. ఆ సంగతులు మా జిల్లాలో రైతులకు అంతకు ముందు చెప్పినవాళ్లు లేరు. నేను బడి నుంచి వచ్చి, నోట్సులు దిద్దుకుంటూ కిటికీలోంచి వినేదాన్ని. గొంతు కూడా బాగుండేది. కాస్త బొంగురుగా, ఇంట్లో పెద్దాయన మాట్లాడినట్టు.

కొన్నాళ్లకు ఆ మాటలకు ఒక తోక వచ్చింది. అంతా చెప్పి, ఆఖర్న గొంతు తగ్గించి అనేవాడు. "ఇంకొక ముఖ్యమైన సంగతి ఉండాది. ఈడ చెప్పేది కాదు. పదిమందిలో పడితే అది సంగతి కాకుండా పోతాది. కావలసినవాళ్లకు లేఖలో రాసినాను."

లేఖంటే ఆయనే నెలనెలా రాసి, సైక్లోస్టైలు తీసి, చందా కట్టినవాళ్లకు పోస్టులో పంపే నాలుగు పేజీలు. పోను పోను ధరల వివరం తగ్గింది, లేఖ ప్రస్తావన పెరిగింది. చివరకు ఎట్లా అయిందంటే, వినేదంతా గుమ్మం, ఇల్లు మాత్రం లేఖలో ఉంది అన్నట్టు అయింది.

నాకు నోరు ఊరకుండదు. ఒక సాయంత్రం ఆయన గదిలోంచి బయటికి వచ్చి బల్ల దగ్గర చందాలు రాసుకుంటూ ఉంటే పోయి నిలబడినాను.

"ఏమప్పా, ఒక సందేహం. కాయల ధర ఎప్పుడు ఎక్కుతాదో నీకు తెలుసు కదా. మరి నువ్వే కాయలు కొని దాచుకోకుండా, ఆ సంగతి మాకెందుకు అమ్ముతాండావు?"

చుట్టూ ఉన్నవాళ్లు తలలెత్తినారు. ఆయన కలం మూత పెట్టి, నవ్వి, "టీచరమ్మా, మీరు బళ్లో లెక్కలు చెప్తారు కదా" అన్నాడు.

"చెప్తా."

"అంత బాగా లెక్కలొచ్చినాక, మీరే వడ్డీ వ్యాపారం చేసుకోకుండా బడికెందుకు పోతాండారు?"

జనం గొల్లున నవ్వినారు. "బాగా తగిలిందిలే" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నేను పైట సర్దుకొని ఇంటికి వచ్చేసినాను. ఆ రాత్రి చట్నీ నూరుతుంటే జవాబు తోచింది. నేను తప్పు చెప్తే ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఆయన తప్పు చెప్తే ఎవరొస్తారు? ఎంత మంచి జవాబు! రోట్లో శెనగపప్పుకు తప్ప వినేవాళ్లు లేరు.

ఇదంతా నాకు వేడుకగానే ఉండేది, మా అక్క వచ్చేవరకు.

మా అక్కది మైదుకూరు దావలో ఒక పల్లె. మా నాయన మిషను బళ్లో అయ్యవారు, కొద్దిగా మెట్టచేను ఉండేది. ఆయన నన్ను చదివించినాడు, అక్కను చేలో పెట్టినాడు. ఇద్దరినీ చదివించే శక్తి లేదు, చేను చూసేవాళ్లు కావాల. నేను మదరాసులో బి.ఏ. చదువుతున్న ఏండ్లలో నా హాస్టలు ఖర్చు ఆ చేనిలో అక్క పీకిన కాయల్లోంచే వచ్చింది. నాయన పోయినాక, బావ కూడా పోయినాక, ఆ చేను అక్కకే వదిలేసినాను. అక్కకు చదువు రాదు. లోకం మాత్రం నాకంటే బాగా తెలుసు.

ఆ ఏడు అక్క చేలో బావి తవ్విస్తాండాది. సగం లోతుకు పోయినాక బండ తగిలింది. బండకు తూటాలు పెట్టి పేల్చాల. బావి తవ్వే ముఠా మేస్త్రీ, "వేసవిలో నీళ్లు అడుగంటినప్పుడే ఈ పని కావాల పెద్దమ్మా, దుడ్లు చూసుకో, లేకుంటే మేము కర్నూలు దిక్కు పోతాము" అని ముందే చెప్పినాడు. అక్క దగ్గర ఉండేదల్లా ఆ ఏటి కాయలు. క్రిస్మసుకు ముందే పీకి, ఎండబెట్టి, ఇంట్లో ఒక గదినిండా పోసింది. ఆ గదిలో ఉండేది కాయలు కాదు, బావి.

అట్లాంటి రోజుల్లో కడపకు వచ్చి, కాళ్లు కడుక్కుంటూనే చెప్పింది. "చందా కట్టొచ్చినా అమ్మీ."

"దేనికి?"

"ఆ రేడియోలో చెప్పే ఆయప్ప లేఖకు."

"ఆయన రేడియోలో చెప్పడక్కా. రేడియో పక్కన కూర్చోని చెప్తాడు."

"ఆ బూరలోంచి రాలేదా మాట?"

"వచ్చింది."

"మళ్ల?"

నేను గది సంగతి, మైకు సంగతి విడమరిచి చెప్పినాను. అక్క ఓపిగ్గా విని, "సర్కారోళ్ల బూరలో ఊరికే ఎవరినంటే వాళ్లను మాట్లాడనిస్తారా?" అంది. పార్కులో చెట్ల కింద కూర్చున్న అందరూ అనుకునేది అదే. బూర ఒకటే. అందులోంచి వచ్చేదంతా ఢిల్లీ నుంచి వచ్చినట్టే.

"అక్కా, నేను చెప్తాండా కదా. కాయ ఎండింది, ధర ఫరవాలేదు, ఇప్పుడే అమ్ముకో."

"నువ్వు చెప్పేది ఊరికే కదా."

"ఊరికే చెప్తే అబద్ధమా?"

"అబద్ధమని కాదు లేమే. ఊరికే వచ్చింది యాడ పెట్టినామో గుర్తుండదు. దుడ్లు పెట్టి కొన్నది కొంగున ఉంటాది." కాళ్లు తుడుచుకుంటూ మళ్లీ అంది. "ఇన్నేండ్లూ మండీ ఆయప్ప ఎంతంటే అంతకు ఇచ్చేసినాము. ఒక్క తూరి అన్నా ఆగి చూద్దామని ఉండాది. తప్పా?"

తప్పని ఎట్లా అంటాను? ఒక తూరి కూడా తన ధర తాను చెప్పలేక ముసలితనానికి దగ్గరైన మనిషి. ఆ గొంతు ఆమెకు ధర చెప్పలేదు, ఆగవచ్చు అని చెప్పింది. ఆగవచ్చు అని మా అక్కకు అంతవరకు ఎవరూ చెప్పినవాళ్లు లేరు. దాన్ని నా బి.ఏ.తో కొట్టిపారెయ్యడం నాకు చేతకాలేదు. రెండేండ్లకు కలిపి కడితే తగ్గింపు అన్నాడంట. రెండేండ్లకూ కట్టొచ్చింది.

అసలు తమాషా తర్వాత మొదలైంది. పల్లెకు పోస్టు సరిగా రాదని అక్క నా చిరునామా ఇచ్చింది. లేఖ నాకొచ్చేది. అక్కకు చదువు రాదు. కాబట్టి నెలకొకసారి ఆమె కడపకు వస్తే, ఆ లేఖను చదివి వినిపించవలసింది నేనే.

ఊదారంగు సిరా, నాలుగు పేజీలు, పైన పెద్ద అక్షరాలతో "ఆంతరంగికము. తమకు మాత్రమే." మైకులో మా యాసలో మాట్లాడే మనిషి లేఖలో మాత్రం గ్రాంథికానికి ఎక్కేవాడు. "బొంబాయి విపణి ఆశాజనకముగా నున్నది. తొందరపడి విక్రయించువారు పిదప విచారింతురు." నేను చదువుతుంటే అక్క మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకొని, కండ్లు మూసుకొని వినేది. "ఎంత బాగా రాసినాడే" అనేది.

మధ్యలో నేను "ఇదంతా ఉత్త గాలి అక్కా" అని ఒకసారి అన్నాను. అక్క కండ్లు తెరిచింది.

"వాక్యం చదివినట్టు చదువు."

మా ఇంట్లో ఆ మాటకు ఒక అర్థముంది. నాయన ఉన్న రోజుల్లో రాత్రి ప్రార్థనలో బైబిలు చదివేది నేను. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ నాకు వాదించే బుద్ధి కదా, చదువుతూ చదువుతూ మధ్యలో "అట్లా ఎట్లా కుదురుతాది నాయనా" అనేదాన్ని. నాయన కోప్పడేవాడు కాదు. "మొదట ఉన్నదున్నట్టు చదువమ్మా. చదువు రానివాళ్లు నీ కండ్లతో చూస్తాండారు. వ్యాఖ్యానం తర్వాత, ఎంతైనా చెయ్యి" అనేవాడు. వాక్యానికీ వ్యాఖ్యానానికీ మధ్య పుస్తకం మూసే చప్పుడు వినిపించాల. అది మా ఇంటి కట్టు. నాయన చెప్పిన ఆ చదువు రానివాళ్లలో అక్క ఒకతె.

కాబట్టి లేఖ కూడా అట్లాగే చదివేదాన్ని. చదివి, మడిచి, కింద పెట్టి, "ఇప్పుడు వ్యాఖ్యానం" అని మొదలుపెట్టేదాన్ని. అక్క నవ్వేది. వ్యాఖ్యానం అవుతుండగానే లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

చలి తగ్గుతున్న రోజుల్లో ధర బాగా ఎక్కింది. అక్క వచ్చింది. మేస్త్రీ రెండు తూర్లు వచ్చి అడిగి పోయినాడంట. గదిలో కాయలు ఎండి బరువు తగ్గుతాండాయి, ఎలుకలు పడినాయంట. మొహంలో దిగులు కనిపిస్తాండాది. "ఏమి రాసినాడో చూడమ్మీ, ఈ పొద్దు అమ్ము అంటే అమ్మేస్తా" అంది.

నేను కవరు చించినాను. "ఇంకను వేచియుండుడు" అని ఉంది.

ఆ రెండు మాటలు నోట్లోకి రావడానికి శానాసేపు పట్టింది. అక్క కండ్లు మూసుకొని ఉంది. "ఇప్పుడే విక్రయింపుడు" అని నేను చదివితే ఆమెకు తెలిసే దారి లేదు. ఆ గ్రాంథికం నాకు మాత్రం రాదా? అట్లా చదివితే పది దినాల్లో దుడ్లు చేతికొస్తాయి, వేసవికి తూటాలు పేలుతాయి, బావిలో నీళ్లు పడతాయి, అబద్ధం ఆయన ఖాతాలోకే పోతుంది, పేరు కూడా ఆయనకే వస్తుంది. నాకు దాంతో ఏమీ నష్టం లేదు.

"ఏమి, ఆగిపోయినావు?" అంది అక్క.

"ఇంకను వేచియుండుడు" అని చదివినాను. లేఖ మడిచినాను. తర్వాత నా వ్యాఖ్యానం ఆ పొద్దు ఎంత గట్టిగా సాగిందంటే పక్కింటివాళ్లు తొంగి చూసినారు. అరిచినాను, బతిమలాడినాను, లెక్కలు వేసి చూపించినాను. అక్క అంతా విని, "ఆయప్ప ఆగమన్నాడు కదా" అని చెంగు దులుపుకొని బస్సుకు పోయింది.

ఈస్టరు దగ్గర పడుతుండగా లేఖ పలికింది. "రాబోవు సోమవారము ప్రొద్దుటూరు విపణికి సరకు చేర్చుడు. ఈ విషయము పొరుగువారికి సైతము పొక్కనీయరాదు." బడికి సెలవు పెట్టి నేను కూడా పోయినాను. ఆమె ఒంటరిగా పోతే నా ప్రాణం నిలవదు.

తెల్లవారుజామునే బండి కట్టినాము. బండి తోలేవాడు, మేమిద్దరం, మూటలు. చప్పుడు చేయొద్దని అక్క ఎద్దుల మెడలో గంటలు కూడా విప్పేసింది. ఊరు దాటి పెద్దదారి ఎక్కేసరికి ముందు ఒక బండి పోతాండాది. దాని ఎద్దులకు కూడా గంటలు లేవు. పక్క పల్లె ముసలాయన.

"యాడికప్పా ఇంత పొద్దున?" అంది అక్క.

"కూతురింటికి. నువ్వో?"

"మేము కూడా చుట్టాలింటికే."

"బండినిండా కాయలేసుకోనా?"

"వాళ్లకు శెనక్కాయలంటే శానా ఇష్టంలే. నీ కూతురికి?"

"అదీ అంతే. చిన్నప్పటి నుంచీ."

తెల్లారే కొద్దీ వెనక ఒక బండి, అడ్డదారుల్లోంచి ఇంకొక బండి. ఎండ ఎక్కేసరికి దారి పొడుగునా బండ్లే. ఒక్క గంట చప్పుడు లేదు. అందరూ చుట్టాలిండ్లకు పోయేవాళ్లే. మొదట నాకు నవ్వొచ్చింది. అక్క మొహం చూసినాక ఆగిపోయింది. ఆమెకు అప్పటికే అర్థమైపోయింది. "ఇంతమందికీ రాసినాడా" అని మెల్లిగా అంది. పదిమందిలో పడితే సంగతి సంగతి కాకుండా పోతుందని ఆయనే కదా చెప్పింది.

మండీలో కాలు పెట్టే చోటు లేదు. నూనె మిల్లు తరఫున కొనే మనిషి నీడన కుర్చీ వేసుకొని కూర్చోనున్నాడు. తొందర లేదు, కేక లేదు. కాయలు చేతిలోకి కూడా తీసుకోకుండా ధర చెప్పినాడు. క్రిస్మసుకు ముందు బేరగాళ్లు ఇంటికాడికి వచ్చి అడిగిన ధర కంటే తక్కువ.

"ఏమప్పా, ఈ వారం ధర ఎక్కుతాదని లేఖలో రాసినారే" అంది అక్క.

ఆయన ఎగతాళి చెయ్యలేదు. బల్ల మీది కాగితాల కింద నుంచి ఊదారంగు సిరా పేజీలు తీసి చూపించినాడు. పైన అదే మాట. తమకు మాత్రమే. "మేము కూడా చందాదారులమే పెద్దమ్మా. మొదటి నెల నుంచీ. ఈ పొద్దు మీరంతా వస్తారని తెలిసే, పోయిన వారమంతా కొనకుండా కూర్చున్నాము."

అక్క ఆ కాగితాన్ని కాసేపు చూసింది. చదవడానికి కాదు, తనదీ అదీ ఒకటేనా అని రంగు చూసుకోవడానికి. తర్వాత బండి తోలేవాడితో, "తిప్పప్పా ఎద్దులను" అంది.

"అమ్మవా?" అన్నాను.

"ఈ ధరకు అమ్మేదానికి ఇన్నాళ్లు ఆగుతానా? గానుగాడిస్తా. నూనె ఇంటింటికీ అమ్ముకుంటా. నూనె తీసినాక మిగిలే చెక్కను ఎద్దులు తింటాయి." గొంతు గట్టిగానే ఉంది. కానీ గానుగ నూనె ఇంటింటికీ అమ్మితే దుడ్లు చిల్లరగా వస్తాయి, తూటాల ముఠా చిల్లరకు ఆగదు. అది మా ఇద్దరికీ తెలుసు.

తిరుగు దారిలో చాలా దూరం పోయినాక అడిగింది. "ధర ఎక్కినప్పుడు లేఖ చదివినావు చూడు, ఆ పొద్దు కాసేపు ఆగినావు. మార్చి చదువుదామనుకున్నావు కదూ?"

మా అక్క దగ్గర నేను దాచగలిగింది ఎప్పుడూ ఏమీ లేదు. "అనుకున్నా."

"మార్చుంటే బావి అయిపోయుండేది."

"అయిపోయుండేది."

"మరెందుకు మార్చలేదే?"

నేను నోరు తెరిచేలోపు అక్కే అంది. "మార్చుంటే, మళ్ల నాకు ఎవరు చదువుతారు?"

మేస్త్రీ ముఠాతో కర్నూలు దిక్కు పోయినాడు. ఆ వేసవికి బావి అక్కడే ఆగింది.

నేను ఊరుకోలేదు. ఆయన మిల్లువాళ్ల దగ్గర ఏమైనా తిన్నాడేమో కనుక్కుందామని శానామందిని అడిగినాను. ఒక దొంగతనం దొరికితే నాకెంత హాయిగా ఉండేదో. దొరకలేదు. ఆయన ఎవరినీ దోచలేదు. అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఒకే కాగితం, ఒకే ధరకు అమ్మినాడు. కాయల ధర ఎక్కినా పడినా ఆయన చందా ఆయనకు వస్తుంది. ఆ మైకు ముందు కూర్చున్నప్పుడు ఆయనకు వాన ఎండ ఒకటే. వినేవాళ్లకు మాత్రం కాదు. ఇంత చిన్న తేడా గురించి ఆ చెట్ల కింద ఎవరూ అడగలేదు. నేను అడిగినాను, కానీ నన్ను చూసి నవ్వినారు.

పార్కుకు మళ్లీ పోయినాను. రోటి దగ్గర తోచిన ఆ జవాబు తీసుకొనే పోయినాను. "నేను తప్పు చెప్తే ఇన్‌స్పెక్టరు వస్తాడప్పా. నువ్వు తప్పు చెప్తే ఎవరొస్తారు?"

ఆయనకు కోపం రాలేదు. "ధర ఎందుకు పడిందో ఈ నెల లేఖలో వివరంగా రాసినాను టీచరమ్మా. మీ అక్కగారికి వచ్చే ఉంటాది" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ నా పక్కన నిలబడనూ లేదు. ప్రొద్దుటూరు దారిలో చూసిన మొహాలు రెండు మూడు అక్కడే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టి నేల చూసినాయి. పొరుగువాడికి కూడా చెప్పకుండా దాచుకున్నదాన్ని ఇప్పుడు పదిమందిలో ఏమని చెప్పుకుంటారు?

మరుసటి ఏడు అక్క కాయలు ఎండీ ఎండంగానే అమ్మేసింది. మండీ ఆయప్ప చెప్పిన ధరకు కాదు. ఒక మధ్యాహ్నమంతా ఆయనతో బేరమాడి, రైలు కిరాయి ఎంత, దలాలి ఎంత అని బూరలో విన్నవన్నీ ఒప్పజెప్పి, కాస్త పైకి లాగి మరీ అమ్మింది. "ఆయప్ప మాటలన్నీ వృథా పోలేదు" అని నాతో అంది. నేను ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకున్నాను.

వేసవిలో ముఠా మళ్లీ వచ్చింది. నేను సెలవులకు పల్లెకు పోతూ, ఆ నెల లేఖ కూడా తీసుకుపోయినాను. అక్క బావి ఒడ్డున కూర్చోనుంది. బండ మీద సుత్తి దెబ్బలు వినిపిస్తాండాయి.

"తెచ్చినావా?"

"ఇంకా ఎందుకక్కా ఇది?"

"రెండేండ్లకు కట్టినా కదే. తీరేదాకా వింటా. బాగా రాస్తాడు."

కవరు చించినాను. ఆంతరంగికము, తమకు మాత్రమే. ఈ ఏడు వేచియున్నవారికి మంచి లాభము కలుగునని ఉంది. అక్క కండ్లు మూసుకొని, తల ఊపుతూ, కచేరీ వింటున్నట్టు వింటాండాది. ఇంతలో లోపలి నుంచి మేస్త్రీ పైకి ఎక్కి వచ్చినాడు. "తూటాలు పెట్టినాము పెద్దమ్మా, దూరంగా జరగండి."

ఇద్దరం లేచి, చేను గట్టు దాకా నడిచి, చెవులు మూసుకొని నిలబడినాము. నేల అదిరింది. రాళ్లు ఎగిరి పడినాయి. దుమ్ము మా మీదికి వచ్చి, అక్క తల మీదా, నా చేతిలో ఉన్న ఊదారంగు పేజీల మీదా పడింది. అక్క చెంగుతో మొహం తుడుచుకొని, బావి దిక్కే చూస్తూ అంది.

"ఊఁ, చదువు. సగంలో ఆపినావు."